వ్యతిరేకి ఒకడు కావలెను

మా ఊళ్లో ఆడపిల్లల చదువుకి అడ్డంపడేవాడు ఒక్కడంటే ఒక్కడు కూడా లేడని తెలిసి శేషావతారం గారు చాలా బాధపడ్డారు. అంత దూరం నుంచి జీపులో, గుంతల్లో ఎగిరెగిరిపడుతూ వచ్చిన పెద్దమనిషి. ఆయన ముఖం చూసి మాకే సిగ్గేసింది. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వలేకపోయినట్టయింది.

ముందు మా సంగతి చెప్పాలి. మా దేశంలో పోరు ఎప్పుడు మొదలైందో ముసలాణ్ణి, నాకే జ్ఞాపకం లేదు. ఏటి అవతలి వాళ్లు ఒక పక్షం, గుట్ట మీది వాళ్లు ఒక పక్షం. ఇద్దరూ మా కోసమే కొట్టుకుంటున్నామంటారు. మా నడిమిపాలెం ఇద్దరికీ మధ్యలో ఉంది. మొదటి బాంబుకి గవర్నమెంటు మేష్టరు వెళ్లిపోయాడు. రెండో బాంబుకి బడి కప్పు పోయింది. పోనీలెమ్మని మేమే మూతబడ్డ బియ్యం మిల్లు ఊడ్చుకుని బడి పెట్టుకున్నాం. వరహాలమ్మ అని నాకు మరదలి వరస, పట్నంలో చదువుకుంది, ఆవిడ పాఠాలు చెబుతుంది. వంతులవారీగా ఇంటికొకరు ఆవిడకి కూడు పంపుతారు. ఇంకో వంతు కాపలా. రోజూ ఇద్దరు పెద్దవాళ్లు డొంక మొదట్లో కూచుని, తుపాకీల వాళ్లు కనబడితే గిన్నె మీద గరిటెతో వాయిస్తారు. ఆ చప్పుడు వినగానే పిల్లలు వెనక తలుపులోంచి జొన్నచేలోకి పారిపోతారు. లేకపోతే మగపిల్లల్ని బరువులు మొయ్యడానికీ, ఆడపిల్లల్ని వంటకీ పట్టుకుపోతారు. పోయినవాళ్లు తిరిగిరారు.

నా మనవరాలు ఎరకమ్మ ఆ బడిలోనే చదువుతోంది. నా కొడుకు పోలిగాడి కూతురు. పదేళ్ల గుంట, నోరు విప్పితే మూత పడదు. నాకు అక్షరం ముక్క రాదు. మందు సీసా మీద రాసింది అదే చదివి, "తాతా, ఇది తాగేది కాదు, రాసుకునేది" అని ఒకసారి నా ప్రాణం కాపాడింది. దాని చదువంటే నాకెంత ఇదో వేరే చెప్పక్కర్లేదు.

శేషావతారం గారు సముదాయ స్వయంచోదిత విద్యా సమితి నుంచి వచ్చారు. ఆ పేరుకి నోరు తిరగడానికి మాకు నాలుగు రోజులు పట్టింది, తరవాత సమితి అనేసుకున్నాం. సమితి దగ్గర ఒక నీలం బోర్డు ఉంది. ఆ బోర్డు వేలాడే బడిలోకి తుపాకీతో అడుగుపెట్టబోమని రెండు పక్షాలూ సంతకాలు పెట్టాయి. పక్క లోయలో ఒక ఊరికి ఆ బోర్డు వచ్చాక పిల్లలు ముందు తలుపులోంచే బడికి వెళ్తున్నారని విన్నాం. ఆ మాట విని మా ఊరి ఆడవాళ్లు ఏడ్చారు. ఆ బోర్డు కోసం మేం ఏం చెయ్యమన్నా చేస్తాం. అదే మా కొంప ముంచింది.

"బడి ఎవరి ప్రేరణతో స్థాపించారు?" అని అడిగారు శేషావతారం గారు.

"ఎవరూ ప్రేరేపించలేదు బాబూ," అన్నాడు మా పోలి. "పిల్లలు ఊరికే ఉన్నారని మేమే పెట్టాం."

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. "అంటే మీరు అయిదో మెట్టు మీద ఉన్నారన్నమాట."

"సంతోషం బాబూ."

"సంతోషం కాదు. సముదాయ స్వయంచోదనం అయిదు మెట్లలో జరుగును. అజ్ఞానం, ప్రతిఘటన, పరివర్తన, అభ్యర్థన, ఆవిర్భావం. మొదటి నాలుగు ఎక్కకుండా అయిదో దాని మీద ఉండటం విధానరీత్యా అసాధ్యం. కాబట్టి మీరు అక్కడ లేరు."

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మిల్లులోంచి పిల్లలు ఎక్కాలు చదువుతున్న గోల వినబడుతూనే ఉంది.

"మరిప్పుడేం చెయ్యాలి బాబూ?"

"దిగాలి," అన్నారాయన, చాలా దయగా. "ముందు ఈ బడి మూసెయ్యాలి. దీన్ని మూసివేత అనుకోకండి. పూర్వస్థితి పునరుద్ధరణ. తరవాత ఒక్కొక్క మెట్టే మేం మీ చేత స్వచ్ఛందంగా ఎక్కిస్తాం. ఆఖరి మెట్టున బోర్డు."

బడి మూశాం. తాళం లేదు గనక సమితే తాళం ఇచ్చింది. వరహాలమ్మ ఆ తాళం వంక చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. అజ్ఞానం మెట్టు ఆ పూటే అయిపోయింది, పెద్ద కష్టం లేదు. రెండోదాని దగ్గరే వచ్చింది చిక్కు.

"ప్రతిఘటన ఎవరు చేస్తారు?" అని అడిగారు శేషావతారం గారు.

"అంటే ఏం చెయ్యాలి బాబూ?" అన్నాడు పోలి.

"ఆడపిల్లకి చదువెందుకు అనే పెద్దమనిషి ఒకరుండాలండీ. ఆయన్ని మేం చైతన్యపరచాలి. ఆయన కళ్లలో నీళ్లు రావాలి. అది లేకుండా మూడో మెట్టు ఎలా వస్తుంది?"

ఊళ్లో వెతికాం. మా అందరికంటే పెద్దది ముసలి అసిరమ్మ ఉంది గదా, ఆవిడనడిగితే తానే బడిలో వెనక వరసలో కూచుంటోందని తెలిసింది. ఇక మిగిలినవాళ్లందరూ పిల్లలకి అన్నం పంపేవాళ్లూ కాపలా కాసేవాళ్లే. ఇంత పెద్ద ఊళ్లో ఒక్క మూర్ఖుడు లేకపోయాడే అని శేషావతారం గారు తల పట్టుకున్నారు. అప్పుడందరూ నా వంక చూశారు.

ఎందుకు చూశారంటే నేను నాటకాలాడినవాణ్ణి. పోరు ఇంత ముదరకముందు చుట్టుపక్కల ఎక్కడ నాటకం కట్టినా దుష్టపాత్ర ఈ కొరుపోలు తౌడుదే. చదువు లేకపోయినా వినికిడితో వంద పద్యాలు కంఠతా పట్టాను. నేను మీసం మెలేస్తే పసిపిల్లలు జడుసుకునేవారు. జనం వన్స్‌మోర్ అంటే చచ్చిపోయిన తరవాత కూడా లేచి పద్యం పాడి మళ్లీ చచ్చేవాణ్ణి.

"ఛీ, నా నోటితో ఆ మాట అనను," అన్నాను.

"బోర్డు కోసం బావా," అంది వరహాలమ్మ. ఆవిడే అన్నాక ఇంకేముంది!

ఎరకమ్మకి సంగతి విడమరిచి చెప్పాను. "వారం పది రోజులు నేను నిన్ను బడికి పంపననాలి. తరవాత మనసు మారిపోయిందని ఏడవాలి. అప్పుడు బోర్డొస్తుంది."

"బాగా ఏడుస్తావా?" అంది.

"చూద్దువుగాని."

"అయితే సరే. వారమే సుమా."

మొదటి సభలో నేను లేచి, "ఆడపిల్లకి చదువెందుకండీ, మా కాలంలో లేదు గదా!" అన్నాను. జనం పడీ పడీ నవ్వారు. నా కోడలు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. సభ అయ్యాక శేషావతారం గారు నన్ను పక్కకి పిలిచారు.

"తౌడు గారూ, మీ ప్రతిఘటన స్థాయి సంతృప్తికరంగా లేదు. హృదయంలోంచి రావడం లేదు. ఇంత బలహీనమైన ప్రతిఘటనని పరివర్తింపజేస్తే సమితికి పరువు తక్కువ."

నన్నంటారా ఆ మాట! నా నటన బాగాలేదని ఏటి అవతలా ఇవతలా పుట్టినవాడెవడూ అనలేదు. ఒళ్లు మండిపోయింది. ఇంటికి పోయి గొంగడి కప్పుకుని పడుకుని, నిజంగా నా మనవరాల్ని బడికి పంపకూడదనుకుంటే ఏ మాటంటానా అని ఆలోచించాను. మా కాలం, ఆచారం, పొయ్యి, పెళ్లి, ఇవన్నీ డొల్ల మాటలు. ఎవడూ నమ్మడు. మనిషిని ఆపేది భయం ఒక్కటే. ఆ భయం కోసం నేను దూరం పోనక్కర్లేకపోయింది, అది నా కడుపులోనే ఉంది.

రెండో సభలో మీసం మెలెయ్యలేదు. గొంతు పెంచలేదు. మెల్లిగా మొదలెట్టాను.

"అమ్మా, బాబూ. మనకిద్దరు దొరలు. ఇద్దరికీ ఉత్తరాలు రాసిపెట్టేవాళ్లు కావాలి. రేపు గుట్ట మీదవాళ్లు వచ్చి ఈ ఊళ్లో రాయడం ఎవరికొచ్చు అంటారు. ఎరకమ్మకి వచ్చంటాం. రాయమంటారు, పిల్ల రాస్తుంది. ఎల్లుండి ఏటి అవతలివాళ్లు ఆ ఉత్తరం పట్టుకుని, ఈ రాత ఎవరిది అంటారు. అప్పుడెవరు కాపాడతారు? రాయడం రాని పిల్లని ఎవరడుగుతారు? చదవడం రాని పిల్ల దేనికి సాక్షి? నా గుంట మొద్దుగా బతకాలి బాబూ. తెలివిగా చావకూడదు."

 తరవాత చూడండి చప్పట్లు! "వన్స్‌మోర్!" అని వెనకనించి కేక. మా వాళ్ల అలవాటు అది. మాట ఎవరి మెడకి చుట్టుకుంటుందో చూడరు, ఎలా పలికాడో చూస్తారు. నేను మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. పోలిగాడొక్కడే చప్పట్లు కొట్టకుండా కూచున్నాడు. ఈర్ష్య కాబోలనుకున్నాను.

తరవాత శేషావతారం గారు లేచి, బాలికా సాధికారత సుస్థిర సమ్మిళిత వికాసానికి మూలస్తంభమని ముప్పావుగంట చెప్పారు. జనం దోమలు కొట్టుకుంటూ విన్నారు.

"అద్భుతం!" అన్నారు నాతో, చెయ్యి పట్టుకుని. "ఇటువంటి ప్రతిఘటన సమితి చరిత్రలో లేదు. దీన్ని తొందరపడి పరివర్తన చెయ్యకూడదు. రాజధాని నుంచి పెద్దలు వచ్చి చూడాలి."

అలా వారం నెలలయింది. ముందు జిల్లా వాళ్లు వచ్చారు, తరవాత విదేశాల వాళ్లు. ప్రతివాళ్లకీ నేను వ్యతిరేకించాలి. మైకు కూడా పెట్టారు. ఒకామె కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఇందులో లింగవివక్ష కనబడుతోంది అన్నారు. వివక్షే కదమ్మా, దానికే కదా వచ్చాం అన్నాను. అది కాదుట. నేను ఆడపిల్లల చదువుని మాత్రమే వ్యతిరేకిస్తున్నానుట, మగపిల్లల్ని చిన్నచూపు చూస్తున్నానుట. సమితి బాలబాలికలిద్దరిదీ. మర్నాటినించి మగపిల్లల చదువుని కూడా సరిసమానంగా వ్యతిరేకించమని ఉత్తర్వొచ్చింది. చచ్చినట్టు అదీ చేశాను. లెక్కలొచ్చిన కుర్రాణ్ణి ఫిరంగి దగ్గర గురి చూడమంటారని చెప్పాను. దానికీ వన్స్‌మోర్.

అక్కడితో ఆగిందా? చుట్టుపక్కల ఊళ్లలో కూడా మూర్ఖులు కరువయ్యారుట. సమితి నన్ను జీపెక్కించి ఊరూరా తిప్పింది. కొత్త ఊళ్లో దిగగానే అక్కడి బడికి తాళం వేయించడం, నన్ను అరుగెక్కించడం. పోనుపోను ప్రతిఘటన శిక్షణా శిబిరం పెట్టి, ఊరికిద్దరు నెమ్మదస్తుల్ని పిలిచి నా దగ్గర కూచోబెట్టారు. "అయ్యా, మాకు కోపం రాదండీ, ఎలా?" అని అడిగేవాళ్లు పాపం. నేర్పాను. మంచిగా నేర్పాను, ఆ పాపం నాది.

ఈలోగా ఎరకమ్మ అరుగు మీద కూచుని ఉండేది. ఇంటి దగ్గరైనా నాలుగు ముక్కలు చెబుతానని వరహాలమ్మ వస్తే శేషావతారం గారు అడ్డంపడ్డారు. అజ్ఞాన దశలో చదువు చెబితే ప్రారంభస్థితి చెడిపోతుందిట. ఒకరోజు రాజధాని పెద్దలొచ్చారు. ఆయన వాళ్లని మా అరుగు దగ్గరికి తెచ్చి, గోడకి కట్టిన సమితి బ్యానరు చూపించి, "పాపం, ఈ పిల్లకి ఇది ఏమిటో కూడా తెలియదు," అన్నారు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఎరకమ్మ దాన్ని మొత్తం గడగడా చదివి, కింద అచ్చేసినవాడి ఊరు కూడా చెప్పింది. శేషావతారం గారి ముఖం మాడిపోయింది.

"తల్లీ, నీకు చదువు రాదు," అన్నారు, వాళ్లు వెళ్లాక.

"వచ్చండీ."

"బోర్డు కావాలా వద్దా?"

అది నా వంక చూసింది. నేను నేల చూపులు చూశాను. ఆ రోజునించి ఎవరొచ్చినా వేలిముద్ర వేసేది. పేరు రాయడం వచ్చిన పిల్ల సిరాలో వేలు ముంచుతుంటే నేను గోడవైపు తిరిగేవాణ్ణి. "వారమన్నావు," అంది ఒకసారి. అంతకు మించి ఏమీ అనలేదు. నోరు మూతపడని గుంట అది.

"ఎప్పుడు మారతావు బావా?" అని వరహాలమ్మ ఎదురైనప్పుడల్లా అడిగేది. "పెద్దపిల్లలు మర్చిపోతున్నారు."

"నా చేతుల్లో ఏముంది? ఉత్తర్వు రావాలి."

చివరికొచ్చింది. పరివర్తన దినం. షామియానా, కుర్చీలు, అందరికంటే పెద్ద అతిథి ఒకాయన, ఆయన పక్కన చెవిలో తర్జుమా చెప్పేవాడు. మిగిలిన రెండు మెట్లూ ఆ సభలోనే ఎక్కించేస్తామని నీలం బోర్డు గుడ్డ చుట్టి బల్ల మీద పెట్టారు. ఊళ్లోవాళ్ల కళ్లన్నీ ఆ గుడ్డ మీదే. నేను లేచి, సమితి రాయించి కంఠతా పట్టించిన మాటలు చెప్పాను. "నా అజ్ఞానపు తెరలు తొలగినవి. విద్యయే వెలుగు. బాలబాలికలారా, రండు!" నిజంగానే ఏడ్చాను. బోర్డుని చూస్తే ఏడుపు దానంతటదే వచ్చింది.

ఒక్క చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు. అప్పుడు వెనకనించి ఓ పొరుగూరి వాడు అరిచాడు.

"ఇది బాలేదు తౌడు మావా! పాతది! పాతది వన్స్‌మోర్!"

"వన్స్‌మోర్!" అని జనమంతా అందుకున్నారు.

"ఏమంటున్నారు?" అని అతిథి అడిగాట్ట. "ఇంకా వినాలంటున్నారు," అని తర్జుమా వాడు చెప్పాట్ట. "అయితే చెప్పమనండి," అన్నాడాయన, ముచ్చటపడి.

వద్దనుకున్నాను. ఒట్టు. కానీ వన్స్‌మోర్ అన్నాక స్టేజీ దిగిపోవడం నా ఒంట్లో లేదు. నోరు దానంతటదే మొదలెట్టింది. మనకిద్దరు దొరలు, అని. ఆ రోజు పలికినట్టు నేనెప్పుడూ పలకలేదు. షామియానా ఎగిరిపోయేలా చప్పట్లు. అతిథి కూడా లేచి నిలబడి కొట్టాడు.

శేషావతారం గారు మాత్రం తెల్లబోయి రాసుకున్నారు. పరివర్తన సాధించబడినది, పిమ్మట అదే వేదికపై లుప్తమైనది. మూడో మెట్టు మీంచి రెండో మెట్టుకి జారినవాళ్లకి బోర్డు ఇవ్వడానికి నిబంధన లేదు. గుడ్డ విప్పకుండానే దాన్ని జీపులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఊరు ఊరంతా నన్ను తిట్టింది. తిట్టించుకున్నాను. తిట్టాలి కూడా.

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ రాయి పెట్టి తాళం బద్దలుకొట్టింది. బోర్డూ వద్దు, మెట్లూ వద్దు, మన గిన్నే గరిటే మనకి చాలు అంది. కాపలా వంతులు మళ్లీ వేసుకున్నాం. ప్రాణం లేచొచ్చింది నాకు. నేనే ఎరకమ్మ పలక తుడిచి తీసుకొచ్చి, "పదవే!" అన్నాను.

పోలిగాడు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"అది రాదు నాన్నా."

"ఏటిరా?"

"నువ్వన్నదే. ఉత్తరం రాయమంటే ఏం చేస్తుంది? ఊరూరా చెప్పావు గదా. నేనన్నీ విన్నాను. నా కూతురు మొద్దుగా బతికితే చాలు."

మా ఇల్లొక్కటే కాదు, చాలా ఇళ్ల తలుపులు తెరుచుకోలేదు. పొరుగూళ్ల సంగతి అడగొద్దు, నా శిష్యులు ఇంకా అరుగుల మీదే ఉన్నారు. ఆడపిల్లల చదువుకి అడ్డంపడేవాడు లేని లోయలో ఇప్పుడు వీధికొకడు దొరుకుతాడు.

పరుగెత్తుకుంటూ పట్నం పోయి శేషావతారం గారి కాళ్ల మీద పడ్డాను. "బాబూ, నా కొడుకు నిజంగానే వద్దంటున్నాడు. వచ్చి నచ్చజెప్పండి."

ఆయన కుర్చీలోంచి లేచారు. కళ్లు మెరిశాయి. "నిజంగానా? స్వచ్ఛందంగానా? ఎవరూ చెప్పకుండానా? తౌడు గారూ, ఇది సమితి సాధించిన విజయం! ఇంకో నాలుగేళ్లు సాగే రెండో విడతకి ఇవాళే సిఫారసు పంపుతాను. బడి మాత్రం మళ్లీ మూయించండి, ఏం?"

నేనన్న మాట ఇక్కడ చెప్పదగ్గది కాదు. ఒక జీవితకాలంలో నేర్చుకున్న దుష్టపాత్ర భాషంతా వాడాను. ఆయన దాన్నీ ప్రతిఘటన కిందే రాసుకున్నారు.

ఇంటికొచ్చి పోలిగాడి ముందు కూచున్నాను. "ఒరే, అదంతా నాటకంరా. నేను భయపడ్డ మాట నిజం, ఇప్పటికీ భయమే. అయినా పంపు. చదువు రాకపోయినా పట్టుకుపోతారు వాళ్లు. మీ పెదనాన్న కూతురికి చదువొచ్చా? పట్టుకుపోలేదా?"

"నన్ను రాయమంటే రాయడం రాదంటాను నాన్నా," అంది ఎరకమ్మ లోపల్నించి. "వేలిముద్ర వేస్తాను. వెయ్యడం వచ్చు నాకు."

 పోలి నన్ను చూసి అన్నాడు, కోపం లేకుండా, అదే నన్ను చంపింది.

"నువ్వు ఇదీ అంత బాగానే చెబుతున్నావు నాన్నా. అదీ అంత బాగానే చెప్పావు. ఏది నమ్మాలో నాకు తెలీడం లేదు."

 ఎరకమ్మ పలక తీసి తలాపున పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్న లేచి, పలక తీసుకుని, ఒక్కణ్ణే బయల్దేరాను. "నువ్వెక్కడికి?" అన్నాడు పోలి.

"దాని చోటు ఖాళీగా ఉంటే చూసి ఇంకొకడు తన పిల్లని మానిపిస్తాడు. నువ్వు పంపేదాకా నేను కూచుంటా."

మిల్లులో కిటికీ పక్కన మూడో వరసలో చోటు. మోకాళ్లు పట్టలేదు, అడ్డంగా మడిచి కూచున్నాను. వరహాలమ్మ హాజరు పిలుస్తోంది. ఒక్కొక్క పేరూ పిలుస్తూ, పలకని పేరు దగ్గర కాస్త ఆగి, ముందుకు పోతోంది.

"ఎరకమ్మ."

నేను లేచి నిలబడ్డాను. "వచ్చానండీ," అన్నాను. 

పిల్లలెవరూ నవ్వలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"కూచో," అంది వరహాలమ్మ. "పలక తియ్యి. ఇవాళ అ నించి మొదలెడదాం."